తట్ట లేకుండా ఒక కొండ

హైదరాబాదులో మా అమ్మ ఎక్కని మేడ లేదు. ఆబిడ్స్‌లో మూడంతస్తుల బట్టల దుకాణం, దాని వెనక ఆకుపచ్చ కిటికీల హోటలు, గన్‌ఫౌండ్రీలో బ్యాంకు వాళ్ల మేడ, నాంపల్లి స్టేషన్ దగ్గర లాడ్జి, అన్నిటి కప్పుల మీదా ఆమె నిలబడింది. అయినా ఒక్క కప్పు మీది నుంచి కూడా ఊరిని చూడలేదు. అదేం విడ్డూరం అంటారా? మీరు ఎప్పుడైనా తడి సున్నం తట్ట తలకెత్తుకుని నిచ్చెన ఎక్కారా? ఎక్కి ఉంటే అడిగేవాళ్లు కాదు. మెడ కదపకూడదు. కళ్లు ముందు మెట్టు మీదే ఉండాలి. పైకి చేరాక తట్ట అందుకునేది మేస్త్రీ, ఖాళీ తట్ట చేతిలో కుక్కేది మేస్త్రీ, "జల్ది, జల్ది" అని కిందికి తరిమేదీ మేస్త్రీయే. పదహారేళ్లు అలా ఎక్కింది, అలాగే దిగింది.

అమ్మ పేరు పూలమ్మ. నాయిన పెంటయ్య బేగం బజార్‌లో హమాలీ. వాళ్లకు నేనొక్కదాన్నే, నర్మదను. ఏడో తరగతి దాకా చదువుకుని, ఆబిడ్స్‌లో ఒక పిల్లల బడిలో ఆయాగా చేరాను. నాకు నోరు పెద్ద. మా గల్లీలో ఎవరిని అడిగినా చెబుతారు. అది ఎవరి పోలికో నాకు తెలియదు, ఎందుకంటే మా నాయిన రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ, అమ్మ మాట్లాడేది కానీ ఎవరినీ నొప్పించేది కాదు. ఇంట్లో ఉన్న కోపమంతా నా ఒక్కదాని వాటాకే వచ్చినట్టుంది.

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో మాది ఒక్క గది కిరాయి ఇల్లు. గుమ్మంలో కూర్చుంటే బాగే ఆం తోట చెట్ల మీదుగా నౌబత్ పహాడ్ కనిపించేది. నల్లటి బండల గుట్ట. ఆదివారం సాయంత్రాలు పిల్లాజెల్లాతో, టిఫిన్ డబ్బాలతో జనం దాని మీదికి పోతుంటే అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ చూసేది.

"ఒక్కపారి గా గుట్ట ఎక్కాలె," అనేది. "నెత్తి మీద ఏం లేకుంట, చేతులూపుకుంట ఎక్కాలె."

"గుట్ట మీద ఏమున్నయే, బండలు తప్ప?" అనేవాడు నాయిన. "గంత బండలే కావాల్నంటె చెప్పు, రెండు దెచ్చి ఇంటి ముంగట ఏస్త."

"బండలు నువ్వే చూస్కో. నేను కిందున్న ఊరు చూస్త. నేను మోసిన మేడలు ఏవేవో పోల్చుకుంట. పదారేండ్లు మోసిన్నాయె, ఒక్కటన్న పూర్తయినంక ఎట్లున్నదో చూసిన్నా? కట్టుడయిపోంగనే గేటుకాడ జవాను నిలబడె, లోపలికి రానియ్యకపాయె."

నిజమే. తాను సున్నం మోసిన హోటలులో ఆమెను కాలు పెట్టనివ్వరు. పైనుంచి చూడడానికి మాత్రం ఎవడి అనుమతీ అక్కర్లేదు కదా, అదీ ఆమె లెక్క. ఆమె ఆదివారాలు కూడా పనికి పోయేది. పని లేని ఆదివారం బట్టలుతికేది. "అమ్మా, గుట్ట యాడికి వోతది, గాడనే ఉంటది, మల్లవ్వారం పోదాంలే," అని ఎన్నిసార్లు అన్నానో. గుట్ట ఎక్కడికీ పోదు. ఆ సంగతి నేను సరిగ్గానే చెప్పాను.

ఆ ఏడు, అంటే యాభై నాలుగో సంవత్సరం వానాకాలంలో, ఆబిడ్స్‌లో ఒక కొత్త మేడ రెండో అంతస్తు నిచ్చెన దగ్గర అమ్మ తట్టతో సహా కూలబడిపోయింది. తోటి ఆడవాళ్లు రిక్షాలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయారు. ఇరవై రోజులు ఉంచారు. కాళ్లు పొంగి బుడ్డల్లా అయ్యాయి. పడుకుంటే ఊపిరి ఆడదు, కూర్చునే నిద్రపోయేది. కాస్త వాపు దిగాక ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. గుండెలో తలుపు లాంటిది ఒకటుంటుందట, చిన్నప్పుడెప్పుడో వచ్చిన కీళ్ల జ్వరానికి అది పాడైందట. ఇప్పుడు సరిగ్గా మూసుకోవడం లేదు. బరువెత్తవద్దు, మెట్లెక్కవద్దు, ఉప్పు తినవద్దు. "ఎన్ని రోజులకు తగ్గుతది సార్?" అన్నాను. ఆయన నా ముఖం చూడలేదు. "మంచిగా చూసుకో అమ్మా," అన్నాడు. నేను ఏడో తరగతి దాకానే చదివాను కానీ ఆ మాట అర్థం కానంత మొద్దును కాను. దవాఖాన గేటు దగ్గర నాయినకు చెప్పాను. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు. "ఆమెకు చెప్పకు," అన్నాడు.

ఆమెకు చెప్పాల్సిన అవసరం ఏముంది! రిక్షాలో ఇంటికొస్తూ మొదటి మాటే అడిగింది.

"దీపావళి ఎన్నడు నర్మదా?"

ఎందుకడిగిందో నాకు వెంటనే తెలిసింది. దీపావళి మరునాడు బేగం బజార్ సేఠ్‌లకు కొత్త సంవత్సరం. పూజలు చేసుకుని, మిఠాయిలు పంచుకుని దుకాణాలు మూసేస్తారు. ఏడాదిలో హమాలీలను ఎవరూ పిలవని రోజు అదొక్కటే. మా బడికీ సెలవే. ముగ్గురం పగటి వెలుగులో ఇంట్లో ఉండే రోజు అదొక్కటే వస్తుంది.

దీపావళి నాడు నాలుగు ప్రమిదలు వెలిగించి గుమ్మంలో పెడుతుంటే అమ్మ గోడకానుకుని అంది, "రేపు గుట్టకు పోదామా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నల్లాకాడికి పోయి చెంబెడు నీళ్లు తెచ్చుకోలేవు, గుట్టెక్కుతవా? డాక్టర్ ఏమన్నడో ఇన్నవా లేదా? మెట్లెక్కొద్దన్నడు! గుట్టంటె మెట్లకన్న తక్కువనా?"

అమ్మ మొగం గోడవైపు తిప్పుకుంది. అరిచినందుకు నాకే ఏడుపొచ్చింది, కానీ ఆ ఏడుపు కూడా కోపంగానే వస్తుంది నాకు. ప్రమిద కింద ఠక్కున పెట్టాను. అప్పుడు నాయిన బీడీ ఆర్పేసి అన్నాడు.

"నేను మోస్త."

అమ్మ ఇటు తిరిగింది. "ఏందీ?"

"నేను మోస్తనంటున్న. నూటిరవై సేర్ల పల్లా బస్తా మోసేటోన్ని, నువ్వెంత? జొన్నల బస్తాల సగం లేవు."

"పెండ్లినాడు వాగు దాటియ్యమంటె కచ్చురం బండి కిరాయికి దెచ్చినవ్. గిప్పుడు మోస్తడంట!"

"గప్పుడు నువ్వు లావుగుంటివి."

అమ్మ నవ్వింది. దవాఖాన నుంచి వచ్చాక అదే మొదటిసారి. నవ్వు సగంలోనే దగ్గయింది, దగ్గు ఆగాక అంది, "నువ్వు మోస్తె నువ్వెక్కినట్టైతది. నేనెక్కినట్టెట్లైతది?"

నాయిన కాసేపు తల గోక్కున్నాడు. చివరికి ఇద్దరూ బేరం కుదుర్చుకున్నారు. పైన చదును బండ మొదలయ్యే దాకా నాయిన మోస్తాడు. అక్కడ దించుతాడు. అక్కడి నుంచి కొస దాకా ఓ ఇరవై అడుగులుంటాయి, అవి అమ్మ తన కాళ్లతో నడుస్తుంది. మధ్యలో ఎన్నిసార్లు కూర్చున్నా సరే, నడిచేది మాత్రం ఆమే. "మాట తప్పొద్దు మల్ల," అని అమ్మ చెయ్యి చాపింది. ఆయన ఆ చేతిలో చెయ్యి వేశాడు. నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే వద్దనేదాన్ని. ఇప్పటికీ వద్దనే అంటాను, ఔననీ అంటాను, ఏదనాలో నాకు తెలియదు.

మా నాయిన పని పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే జరిగింది మీకు అర్థం కాదు. హమాలీ వీపు మీదికి బస్తా తనకు తానుగా ఎక్కదు. ఇంకో మనిషి ఎత్తించాలి. నాయినకు భూమయ్య ఎత్తించేవాడు, భూమయ్యకు నాయిన ఎత్తించేవాడు. అందుకే ఒకసారి వీపు మీదికి వచ్చిన బరువును చేరవలసిన చోటు దాకా దించరు. మధ్యలో దించితే మళ్లీ ఎత్తించే దిక్కుండదు. ఇంకొకటి, బరువు కింద మాట్లాడరు. మాట్లాడితే దమ్ము పోతుంది. గోదాము నుంచి బండి దాకా అడుగులు చూసుకుంటూ పోవడమే. మహా అయితే "బాజూ, బాజూ" అని దారి అడుగుతారు. ఎవరేమన్నా వినరు. కొత్తగా వచ్చిన పిల్ల హమాలీలకు నాయిన మొదట నేర్పేది ఇదే. ఇరవై రెండేళ్లు అలా నడిచిన మనిషికి అది పద్ధతి కాదు, ఒంట్లో ఎముకే అయిపోతుంది.

పొద్దున్నే అమ్మ తలకు నూనె రాయించుకుంది. తట్ట కింద బట్టచుట్ట పెట్టుకుని పెట్టుకుని నడినెత్తిన జుట్టు అరచేయంత మేర ఊడిపోయింది. దాని మీదికి పక్క జుట్టు దువ్వి, చిన్న కొప్పు వేసి, బంతిపువ్వు పెట్టాను. ఎర్రంచు పసుపు చీర కట్టుకుంది. గుట్ట కిందిదాకా రిక్షాలో వెళ్లాం. ఆమె రిక్షా దిగి, గుట్టను కిందినుంచి పైకి చూసి, "ఓ యవ్వా!" అంది చిన్నపిల్లలాగా. ముందే పైకి పోతున్న ఎవరో పిల్లలు మిగిలిపోయిన టపాకాయలు ఒక్కొక్కటిగా పేలుస్తున్నారు.

నాయిన తలగుడ్డ నడుముకు బిగించి కూర్చున్నాడు. నేను అమ్మను ఆయన వీపు మీదికి ఎక్కించాను. భూమయ్య చెయ్యాల్సిన పని ఆ రోజు నేను చేశాను. ఆమె చేతులు ఆయన మెడచుట్టూ వేసింది, ఆయన ఆమె మోకాళ్ల కింద చేతులు పోనిచ్చి లేచాడు.

"బరువున్ననా?" అంది అమ్మ.

ఆయన మాట్లాడలేదు. అప్పటికే పనిలో ఉన్నాడు.

దారి అంటే మేకలు నడిచే దారి. బండల మధ్య నిటారుగా పోతుంది. నీళ్ల చెంబూ గారెల డబ్బా పట్టుకుని నేను వెనక నడిచాను. నాకే ఆయాసం వస్తుంటే నాయిన మాత్రం ఒక్క కొలత తప్పకుండా అడుగు మీద అడుగు వేస్తున్నాడు. అమ్మ మెడ చూడాలి! పదహారేళ్లు కదపని మెడ ఆ రోజు ఒక్క చోట నిలవలేదు. ఇటు చూసింది, అటు చూసింది, తల వెనక్కి వంచి ఆకాశం చూసింది.

"నర్మదా, గదో చూడు, బాగే ఆం! చెట్లన్ని కొత్తిమీర కట్టలు పేర్చినట్టున్నయ్. గదేందే, తెల్లగ, గుమ్మటం?"

"అసెంబ్లీ."

"గంతేనా! దాని ముంగట పోతుంటె ఎంతున్నట్టనిపిస్తది. రైలు చూడు, రైలు! పొగ మనింటి మీదికే వోతున్నది. గందుకే నా బట్టలు ఎన్నడు తెల్లగ రావు."

నేను కూడా నవ్వాను. ఆ కాసేపు నాకు డాక్టరూ గుర్తులేడు, గుండె తలుపూ గుర్తులేదు. తీసుకురావడం మంచిదే అయిందనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు. మంచిమాట నా నోటికి ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది.

సగం దాటాక అమ్మ మాటలు తగ్గాయి. వీపు మీద ముందుకు వంగి ఉండేసరికి కాబోలు, ఊపిరి ఈలలా వినిపించసాగింది. ఎండ కూడా పెరిగింది. ఆమె గడ్డం నాయిన భుజం మీద ఆనించింది.

"దించు," అంది.

నాయిన నడుస్తూనే ఉన్నాడు.

"ఇగో, నర్మద నాయినా, జర దించవా."

ఆయన వినలేదని కాదు. విన్నాడు. కానీ చదును బండ ఇంకా రాలేదు, వీపు మీద బరువుంది, నోరు మూసుకుని ఉంది, కాళ్లు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఆయన మీద జాలిపడి దించమంటోందనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను. జబ్బు పడ్డాక రోజూ మేమిద్దరం పని నుంచి వస్తే అమ్మ అలాగే అనేది కదా, నాకెందుకు పెట్టినవ్ అన్నం, నువ్ తినరాదు, నువ్ కూసోరాదు అని.

"జర నేల మీద కాలు వెడత బిడ్డా," అంది అమ్మ ఈసారి నాతో. "నడుస్త. దించుమను."

అప్పుడు నేనన్న మాట ఇది. ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

"ఎక్కాలె ఎక్కాలె అని పానం తోడినవ్! ఇద్దర్ని ఎండల వడేసి తోల్కొస్తివి. మోసేటోడు మోస్తనే ఉన్నడు, నీకేమాయె? గమ్మున కూసో!"

ఆమె గమ్మున కూర్చుంది.

మా అమ్మ అలిగితే మాట్లాడదు. కాబట్టి అలిగిందనుకున్నాను. పైకెక్కాక గారె నోట్లో పెట్టి, గడ్డం పట్టుకుని బతిమాలితే సరి, ఎప్పుడూ చేసేదే కదా అనుకున్నాను. బతిమాలడానికి మాటలు కూడా వెతుక్కుంటున్నాను. దారి ఒక పెద్ద బండ చుట్టూ తిరిగింది. ఆ మలుపులో నాయిన ఒక్కసారి ఆగాడు. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగింది. కాలు పెట్టే చోటు చూసుకుంటున్నాడేమో అనుకున్నాను. తర్వాత అమ్మను కొంచెం పైకి ఎగదోసుకుని, మళ్లీ నడిచాడు.

చదును బండ వచ్చింది. నాయిన ఆగలేదు.

"నాయినా, గీడనే గద దించుతనన్నవ్," అన్నాను.

ఆయన నడిచాడు. అమ్మ నడవాల్సిన ఇరవై అడుగులు ఆయనే నడుస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆమె అడిగింది ఆ ఒక్కటే. చేతిలో చెయ్యి వేసి ఇచ్చిన మాట. పరుగెత్తి ఆయన పక్కకు వెళ్లాను.

"గిదేం మనిషివయ్యా నువ్వు! దించు! నడుస్తనన్నది గద! గింత దూరం అచ్చిందే గందుకు గద!"

ఆయన గుట్ట కొసన నిలబడ్డాడు. కింద ఊరంతా ఉంది. అప్పుడు మాట్లాడాడు. బరువు వీపు మీదుండగా మా నాయిన మాట్లాడడం నేను పుట్టినప్పటి నుంచీ చూడలేదు.

"గదో, ఆబిడ్స్," అన్నాడు. "పచ్చ కిటికీలు కనవడుతున్నయా? నువ్వు మోసిందే గది. దాని ముంగట బట్టల దుకాణం. గిటు రా... గిది గన్‌ఫౌండ్రీ. బ్యాంకు మేడ ఎంతెత్తున్నదో చూడు. గదంత నీ నెత్తి మీదికెల్లే పోయింది." మెల్లిగా పక్కకు తిరిగాడు, ఆమెకు కనిపించేలా. "దూరంగ చార్మినార్. పొగల నాలుగు పుల్లలు నిలబెట్టినట్టున్నది, చూసినవా?"

ఆయన మెడ చుట్టూ అమ్మ చేతులు లేవు. ఒకటి ఆయన ఛాతీ మీద వేలాడుతోంది. ఇంకోటి పక్కకు వేలాడుతోంది, ఆయన తిరిగినప్పుడల్లా అదీ తిరుగుతోంది. బంతిపువ్వు దారిలో ఎక్కడో పడిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి.

చెంబు నా చేతిలోంచి జారి బండల మీద దొర్లుకుంటూ పోయింది. "దించు!" అని అరిచాను. "నాయినా, దించు! అమ్మను దించు!"

"జర ఆగు బిడ్డా," అన్నాడు, నావైపు చూడకుండా. "చెరువు దిక్కు చూపియ్యలే ఇంక."

హుసేన్‌సాగర్ వైపు తిరిగాడు. నీళ్ల మీద ఎండ పడి మెరుస్తోంది. దాన్ని కూడా చూపించాడు. కట్ట మీద పోయే మోటార్లు చూపించాడు, సికింద్రాబాద్ ఏ దిక్కున ఉందో చెప్పాడు. నేను ఆయన పంచె పట్టుకుని కింద కూర్చుండిపోయాను. చూపించాల్సిందంతా అయిపోయాక, బండకు వీపు చేసి, మోకాళ్లు వంచి, గుడ్లబుట్ట దించినట్టు అమ్మను దించాడు. టపాకాయలు కాలుస్తున్న పిల్లలు ఆపేశారు.

దిగేటప్పుడు కూడా ఆయనే మోశాడు. పైన ఉన్నవాళ్లు సాయం పడతామని వచ్చారు, వద్దన్నాడు.

మధ్యాహ్నానికి గల్లీ అంతా మా గుమ్మంలో ఉంది. రోగిష్టి పెళ్లాన్ని గుట్ట మీదికి మోసుకుపోయి చంపాడని ఒకరు, పండుగపూట అదేం పోయేకాలమని ఒకరు. అన్నవాళ్ల నోట్లో మన్ను పడ! నేను లేచి ఒక్కొక్కరికీ చెప్పాల్సింది చెప్పేదాన్నే. కానీ మొదటి మాటకే నాయిన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. అందరూ కాస్త ఎడంగా జరిగాక, అమ్మ తల దగ్గర కూర్చుని, నాకు ఒక్కదానికే వినిపించేలా చెప్పాడు.

"గా మలుపుకాడనే ఎరుకైంది బిడ్డా. బతికున్న మనిషిని మోస్తే, మనం ఒరిగినప్పుడు ఆమె కూడ జర ఒరుగుతది. మనకు సాయం చేస్తది, ఆమెకు తెల్వకుంటనే. గా మలుపుకాడ సాయం ఆగిపాయె. మూటైంది. నా యీపుకు ఎరుకైంది."

"మరి గాడనే ఎందుకు దించలే?"

"దించితె అయిపోతది గద," అన్నాడు. "దించనంతసేపు ఇంక ఎక్కుతనే ఉన్నది గద ఆమె."

దారిలో నేను అమ్మను కసిరిన మాట ఆయన కూడా విన్నాడు. రెండేళ్లయింది, ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. నువ్వు అలా అనకుండా ఉంటే నేను దించేవాడినేమో అని ఒక్కసారి అన్నా నాకు కొంచెం తేలికయ్యేది. తిట్టు తినడం అలవాటు లేని దాన్ని, ఆ ఒక్క తిట్టు కోసం ఎదురుచూస్తున్నాను. ఆయన తిట్టడు.

మరునాడు పొద్దున పాడె మీద తీసుకుపోయారు. బేగం బజార్ నుంచి హమాలీలు వచ్చారు, భూమయ్యతో కలిపి నలుగురు భుజం పట్టారు. కొడుకులు లేరు కాబట్టి నిప్పుకుండ పట్టుకుని నాయినే ముందు నడిచాడు. ఆడవాళ్లం దింపుడు కల్లం దాకా పోవచ్చు. శ్మశానం ఇంకో రెండు ఫర్లాంగులు ఉందనగా పాడెను నేల మీద దించి, పోయిన మనిషిని అయినవాళ్లు చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా ఉంటే లేస్తుందని ఆశ. లేచినవాళ్లను నేనెప్పుడూ చూడలేదు. ఎవరూ చూసి ఉండరు. అయినా పిలవకుండా మాత్రం ఎవరినీ ముందుకు తీసుకుపోరు.

చింతచెట్టు కింద భూమయ్య ఆగమన్నాడు. నలుగురూ మెల్లిగా దించారు. నాయిన నిప్పుకుండ పక్కన పెట్టి వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. 

"పేరు వెట్టి పిలువు అన్నా," అన్నాడు భూమయ్య. "మూడుపార్లు పిలువాలె."

మా ఇళ్లలో మొగుడు పెళ్లాన్ని పేరు పెట్టి పిలవడు. ఆయన నోట అమ్మ పేరు నేనెన్నడూ వినలేదు, ఏమే అనో, ఓ నర్మద తల్లీ అనో వినడమే. ఆయన వంగి ఆమె చెవి దగ్గర నోరు పెట్టాడు.

"పూలా," అన్నాడు. "దించిన్నే."



"పూలా, దించిన. నేల మీదనే ఉన్నవు. కాలు వెట్టు."

మూడోసారి పిలిచింది దగ్గరున్న వాళ్లకే వినిపించింది.

"పూలా, నడువు."

నేను ఆమె కాళ్ల వైపు చూశాను. పిచ్చిదాన్ని, నిజంగానే చూశాను. పసుపు రాసిన కాళ్లు, బొటనవేళ్లు రెండూ కలిపి కట్టేసి ఉన్నాయి. వాటిని ఎవరు కట్టారు, విప్పండి అని అరవబోయాను. పక్కనున్న ఆడవాళ్లు నన్ను పట్టుకున్నారు. నాకూ ఒక్క మాట చెప్పాలని ఉంది ఆమె చెవిలో, ఒకే ఒక్క మాట. ఆడపిల్లలు పిలవకూడదన్నారు. అంత నోరున్న దాన్ని, అప్పుడు మాత్రం ఎదురు చెప్పలేకపోయాను.

భూమయ్య నాయినను భుజం పట్టుకుని లేపాడు. నిప్పుకుండ చేతికిచ్చాడు. నలుగురూ వంగి పాడెను ఎత్తుకున్నారు. ఆడవాళ్లు అక్కడి నుంచే వెనక్కి తిరగాలి. నన్ను చెరో చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించుకొచ్చారు.